కొండ మీది తెలుపు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా వంటబట్టాయి, చెయ్యి ఇంకా నిదానమే.

రెండు వేల ఎనిమిదిలో కడప జిల్లా రామసుబ్బమ్మ ఒమాన్‌లోని సూర్‌లో ఒక జపాను ఇంజనీరు ఇంట్లో పనిచేసేది. మొగుడు రఘుపతి అదే ఊళ్లో పటాలు కట్టే దుకాణంలో ఉండేవాడు. శుక్రవారం పెరటి తలుపు దగ్గర కాసేపు మాట్లాడుకోవడమే వాళ్ల కాపురం. ఇంటి డ్రైవరు మానేస్తున్నాడు. ఆ పని రఘుపతికి ఇప్పిస్తానని, వెనక గదిలో ఇద్దరూ ఉండొచ్చని ఇంజనీరు భార్య, మేడం, మాటిచ్చింది. రామసుబ్బమ్మ ప్రాణమంతా ఆ గది మీదే.

హాల్లో ఒక పొడుగాటి కాగితపు బొమ్మ వేలాడేది. అడుగున నల్ల సిరాతో కొండ, పైనంతా ఖాళీ. కొండ చైనాదని, గీసినాయన జపాను మనిషని, చైనా ఎన్నడూ చూడకుండా వాళ్ల బొమ్మలు చూసే నేర్చాడని మేడం ఒకసారి చెప్పింది.

రఘుపతి విని నవ్వాడు. "సూడని కొండను గీసినాడా? మన ఏజెంటు మస్కట్‌ను జెప్పినట్టే!"

"ఎగతాళి సాలుగానీ, సముద్రపు సెమ్మకు దాని అంచులు సుట్టుకపోతాండాయి. మేడమోళ్లు దుబాయ్ పోయినారు. వచ్చేలోగా అద్దం బిగించయ్యా. సంతోషపడి గది బిరీన ఇస్తారు."

"ఇంత పొడుగు పటం యాడ కడ్తారు మే? పైన ఉత్త కాగితమే గదా, కోసేస్తా."

"కొండకు కత్తి తగలనీవాకు."

తగలలేదు. బంగారు రంగు చట్రంలో కొండ ముచ్చటగా ఒదిగింది. కోసిన ముక్క దుకాణం చెత్తలోకి పోయింది.

మేడం తిరిగొచ్చి, దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పైది ఏది?"

"ఆడ ఏముంది మేడం? ఉత్త తెలుపే."

"అది పొగమంచు. మా నాన్న రోజూ కూర్చుని చూసింది దాన్నే."

మేడం ఇంజనీరును పిలిచి చూపించింది. ఆయన దుకాణం యజమాని అబ్దుల్ వహాబ్‌కు ఫోన్ చేశాడు. యజమాని రఘుపతి వీసా రద్దు చేయించాడు.

"నన్నూ పంపించండి" అని రామసుబ్బమ్మ ఏడ్చింది. ఒప్పందం గడువు తీరలేదన్నారు.

పోయే రోజు రఘుపతి పెరటి తలుపు దగ్గరికొచ్చాడు.

"నేనే కట్టమంటినయ్యా."

"కోసింది నేను గదా. ఏడవొద్దు, నీ పనన్నా నిలబెట్టుకో."

తర్వాత కొన్నాళ్లకు కొత్త డ్రైవరు వచ్చాడు. వెనక గది కడిగి, అతనికి మంచం వేసింది రామసుబ్బమ్మే.

శాంతమ్మ, అరవై మూడేళ్లు, అప్పట్లో సూర్‌లో ఆ పక్కింటి పనిమనిషి, ప్రస్తుతం రాయచోటి.