వేలాడే కుండీ ఒరిగిన వైపు

పొద్దున పనులు ముగించుకుని ఆమె బాల్కనీలో చాప మీద కూర్చునేది. మోకాళ్ళ మధ్య చెక్క బిగించి చిత్రిక పట్టేది. లోపల ఆమె భర్త, ఊరంతా మేస్త్రి అని పిలిచే పెద్దమనిషి, రెండో కప్పు టీతో పేపరు తిరగేస్తుండేవాడు. మధ్యాహ్నానికి పొట్టు ఊడ్చేసి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. సాయంత్రం సరుకు కోసం వచ్చినవాళ్ళకి, చొక్కా మీద చిటికెడు పొట్టు చల్లుకుని మేస్త్రి ఎదురయ్యేవాడు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆ ఊళ్ళో చెక్కవస్తువు ఏదైనా తనను చేసిన మనిషి ఎటుంటే అటు ఒరుగుతుంది. వడ్రంగి వీధిలో నడిచి వెళ్తే ఇళ్ళలో కుర్చీలు కిర్రుమని అటు జరుగుతాయి. కూర్చున్నవాళ్ళు కాళ్ళు నేలకి తన్నిపెట్టి కబుర్లు కొనసాగిస్తారు, అంతే. అందుకే మేస్త్రి బీరువాలూ పెద్ద మంచాలూ తప్ప వేరే పని ఒప్పుకునేవాడు కాదు. ఎంత ఒరగాలనిపించినా బీరువాని దాని బరువు కదలనివ్వదు.

వృత్తి శిక్షణ బడిలో చెక్కపని నేర్పే మాస్టారు కావాలని ప్రకటన వచ్చింది. దరఖాస్తు నింపింది కూడా ఆమే. పేరు అన్నచోట కలం ఆగిపోయింది.

"ఏంటి, నా పేరు మర్చిపోయావా?" అన్నాడు మేస్త్రి.

"నా పేరు రాద్దామా అని చూస్తున్నా."

మేస్త్రి పగలబడి నవ్వాడు. అత్తగారు కూడా నవ్వి, "రాసుకో తల్లీ, ఆనక మీసాలు కూడా పెంచుకో," అంది. ఆమె నవ్వలేదు. అతని పేరే రాసింది.

పరీక్ష కోసం ఇంట్లోనే ఒక వస్తువు చేసి చూపించాలట. అదేంటో చదివేసరికి మేస్త్రి మొహం మాడిపోయింది. ఆరుబయట వేలాడదీసే చెక్క కుండీ.

"హాయిగా బల్ల అడగొచ్చుగా వెధవలు!"

ఆమెకి మాత్రం చేతులు ఉవ్విళ్ళూరాయి. పక్క చెక్కల అంచులకి పళ్ళు కోసి, మేకన్నది లేకుండా ఒకదాంట్లో ఒకటి దిగ్గొట్టింది. నీళ్ళు దిగడానికి అడుగున గోరంత సందులు వదిలింది. నూనె పట్టించి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి, మట్టి నింపి, తీగమొక్క నాటింది. కొక్కేనికి తగిలించగానే కుండీ వచ్చి ఆమె చెంపకి ఆనింది.

"పరీక్షాధికారి వచ్చినప్పుడు నువ్వు నా వెనకే నిలబడు," అన్నాడు మేస్త్రి. "నేనెటు కదిలితే అటు కదులు. పది నిమిషాలే."

"పది నిమిషాలా..."

"పదకొండేళ్ళు నిలబడ్డదానివి, పది నిమిషాలకే కాళ్ళు పీకుతాయా?" అంది అత్తగారు. ఆవిడకి అన్నీ తెలుసు.

పరీక్షాధికారి వచ్చాడు. మేస్త్రి ఎడమకి నడిచాడు, వెనకే ఆమె. కుండీ ఎడమకి ఒరిగింది. కుడికి నడిచారు. కుడికి ఒరిగింది.

"భలే! మేకు లేకుండా మూలలు ఎలా కలిపారండీ?"

"అదంతా చేతివాటం సార్."

"అమ్మగారు కూడా ఓ చెయ్యి వేస్తారా?"

"ఆవిడా!" మేస్త్రి నవ్వాడు. "మేకుకి మొన ఎటుంటుందో కూడా తెలీదు సార్ ఆవిడకి."

"సరే, ఒక్కసారి ఆ చివరికి వెళ్ళండి."

మేస్త్రి వెళ్ళాడు. ఆమె వెళ్ళలేదు. కుండీ వెంట్రుకవాసి కదల్లేదు. ఆ చివర్నించి మేస్త్రి కళ్ళతోనే పళ్ళు నూరాడు.

"చేసింది నేను సార్," అంది ఆమె.

"చూస్తూనే ఉన్నానమ్మా," అన్నాడు అధికారి, నిజంగానే మర్యాదగా. "కానీ దరఖాస్తు ఆయనది కదా." గడియారం చూసుకున్నాడు. ఇంకా మూడిళ్ళు తిరగాలి. 'పరీక్ష సమయంలో గాలి ఎక్కువగా ఉంది' అని రాసి, కింద 'ఉత్తీర్ణుడు' అని సంతకం పెట్టాడు. తీగ మీద ఆరేసిన చీర కొంగైనా ఊగలేదు.

కుండీని తీసుకెళ్ళి బళ్ళో దూలానికి వేలాడదీశారు. దాని కింద నిలబడి మాస్టారు నోటితో చెక్కపని నేర్పాడు. విద్యార్థులు చేసిన బుల్లి కుండీలు ఎవరివి వాళ్ళ వైపు ఒరిగాయి. మాస్టారిది మాత్రం కిటికీలోంచి బయటికి, డాబాల మీదుగా అవతలి వీధి వైపు ఒరిగి ఉండేది. మాస్టారు తన బల్లని ఆ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ చూశారు.

రెండో నెలలో ఒకమ్మాయి సగం చేసిన కుండీ చంకన పెట్టుకుని మేస్త్రి ఇంటి మెట్లెక్కింది.

"మాస్టారు బళ్ళో ఉన్నారమ్మాయ్," అంది అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"తెలుసు మామ్మగారూ. అక్కణ్ణించే వస్తున్నా."

ఆ మర్నాడు నలుగురొచ్చారు. వారం తిరక్కుండా బాల్కనీ చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. హాజరుపట్టీలో సంతకం మేస్త్రిదే. వీధిలో దండాలు మేస్త్రికే. పట్టాల మీద గురువుగా అచ్చయ్యే పేరు కూడా ఆయనదే. అది ఆమెకి తెలుసు.

"ఈ మూల కుదరట్లేదండీ," అంది మొదట వచ్చిన అమ్మాయి, తన కుండీ చేతికిస్తూ.

ఆమె దాన్ని బోర్లించి చూసింది.

"మూల సంగతి తర్వాత. ముందు అడుగున నీ పేరు రాయి."

అమ్మాయి చెవి మీది పెన్సిల్ తీసింది.

"దాంతో కాదు," అని ఆమె ఉలి అందించింది.