కన్ను తెరిచిన ముఖం

మా ఆయన జకర్యా జీవితంలో ఒక్కసారే ఫౌజులో చేరాడు, అదీ గుడ్డ మీద. చేర్చింది లాలాగూడలో మా పక్కింటి బ్రహ్మచారి, పేరుకే బ్రహ్మచారి, పిల్లలున్నవాడు. గుడ్డ మీద కథలు గీసే నకాషి పనివాడు, మాకు సొంత తమ్ముడిలాంటివాడు. అలాగే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో అల్వాల్ అవతలి జాగీర్దారు ఒకాయన తన దేవిడీ బంగళా గోడకు బొమ్మ కావాలన్నాడట. రెండొందల ఏళ్ల కిందట వాళ్ళ పెద్దలు రైతుల్ని ఫౌజులోకి ఎలా తీసుకున్నారో అందులో కనపడాలట. జమేదారు బల్లెం పక్కన నిలబెట్టి మనిషి ఎత్తు కొలవడం, నాగలి వదిలేసినవాడు తలపాగా చుట్టుకోవడం, పెళ్ళాం మొగుడి చెయ్యి వదలకపోవడం.

"అన్నా, జెర నిలబడరాదే. గసొంటి మీసం ఇంకెవరికున్నది?" అని జకర్యాను బతిమాలాడు.

రైల్వే వర్క్‌షాపు ఫిట్టరుకు మీసం పొగిడితే ఇంకేం కావాలి? మూడు ఆదివారాలు, చర్చి అయ్యాక, బల్లెం బదులు పెట్టిన దుడ్డుకర్ర పక్కన గుంజలా నిలబడ్డాడు. బ్రహ్మచారి నన్నూ వదల్లేదు.

"వదినా, అన్న చెయ్యి వట్టుకొని ఏడ్వాలె."

నాకు ఏడుపు రాకపోగా నవ్వాగలేదు. చివరికి కన్నీళ్ళు తనే గీసుకున్నాడు.

వాళ్ళ ఆచారంలో కళ్ళు ఆఖరున దిద్దుతారు. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి, నల్లగుడ్లు పెట్టి, "కన్ను తెరిస్తే పానం వచ్చినట్టే. ఇగ ఆ ముఖాన్ని ముట్టుకోరాదు" అన్నాడు. మేం ముచ్చటపడ్డాం. గుడ్డ చుట్టుకుని దేవిడీకి పోయాడు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, జాగీర్దారు పారిపోయాడు. మరుసటి నెల ఒక పొద్దున జీపు మా గుమ్మం ముందు ఆగి జకర్యాను ఎక్కించుకుపోయింది. వెనకాలే క్యాంపుకు పరుగెత్తాను. బల్ల మీద దేవిడీలో దొరికిన ఆ బొమ్మే పరిచి ఉంది. ముఖాలు అవే. బల్లేలు పోయి తుపాకులు వచ్చాయి, తలపాగాలు పోయి ఖాకీ టోపీలు వచ్చాయి. జాగీర్దారు పెంచిన రజాకార్ల దండు అనుకున్నాడు అధికారి. ముందు వరుసలో మా ఆయన మీసం, ఎవరో ఆనవాలు పట్టి చెప్పారట.

"గీసినాయన మా పక్కింట్లనే ఉంటడు సాబ్. పిలిపియ్యున్రి" అన్నాను.

జకర్యా నా వైపు చూసి, "బ్రహ్మం చెప్తడు తియ్, పరేషాన్ గాకు" అన్నాడు.

బ్రహ్మచారి వచ్చాడు. ఇది పాత కథ, ముఖం మాత్రం వీళ్ళది అని ఒక్క మాట అంటే చాలు, మా ఆయన ఇంటికి వచ్చేవాడు. అతను గుడ్డ వంక చూశాడు, జకర్యా వంక చూడలేదు.

"నేను గీసింది గాదు సాబ్. ఈయన మా పక్కింటాయననే, గని ఎవరితోని తిరుగుతడో నాకేం ఎర్క?"

అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలో అతన్ని పట్టుకున్నాను.

"తుపాకులు ఎవరు పెట్టిన్రు?"

"దొర మార్చుమన్నడు, మార్చిన. ఒప్పుకుంటే నన్ను సుత లోపలేస్తరు వదినా. పిల్లలున్నరు."

"అన్నీ మార్చినోనివి, ఆయన ముఖం మార్చకపోతివా?"

బ్రహ్మచారి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గదెట్ల? కన్ను తెరిచిన ముఖం గదా. ముట్టుకుంటే పాపం."

అబద్ధమాడి ఉంటే కాస్త ఓర్చుకునేదాన్నేమో. కాదు, మనస్ఫూర్తిగా అన్నాడు. గుడ్డ మీది కళ్ళంటే అంత భయభక్తులున్న మనిషి, లోపల నిలబడి ఉన్న జకర్యా కళ్ళలోకి ఒక్కసారి చూడలేకపోయాడు.

మధ్యాహ్నం జకర్యాను జైలుకు పంపడానికి లారీ దగ్గరికి తెచ్చారు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"బ్రహ్మం ఎందుకట్ల జేసిండు?" అని అడిగాడు.

సిపాయి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఏడవమంటే ఆనాడు నవ్వినదాన్ని, ఆ బొమ్మలో ఎలా నిలబెట్టాడో అలాగే నిలబడి ఏడ్చాను.