దొరక్కపోతే సున్నా

భానుప్రియ వెళ్ళేసరికి ఏడో గుంట గట్టు మీద జనం నిలబడి ఉన్నారు. నీళ్ళ మీద రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. కాకులు అప్పటికే దిగాయి.

ఇందుకూరుపేట అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ పన్నెండు గుంటలు గిరిబాబువి. భానుప్రియ నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతట అవే తిరిగేలా కంప్యూటరు స్క్రిప్టు రాసింది ఆమే. ఇకమీదట స్విచ్చులు ముట్టుకోవద్దని కాపలాదారు పెంచలయ్యకు చెప్పిందీ ఆమే.

"నిద్రపోయినావు నువ్వు! ఏరియేటర్లు తిరగడంలేదని కూడా చూడలా!" గిరిబాబు అరుస్తున్నాడు.

"నిద్రపోలేదయ్యా. షెడ్డులో కంట్రోలు పెట్టె మీద పచ్చలైటు వెలుగుతానే ఉండింది. అవసరమైతే అదే తిరుగుద్ది, ముట్టుకోవద్దన్నారు గదా," అన్నాడు పెంచలయ్య. అరవై దాటిన మనిషి. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

భానుప్రియ మోటారు షెడ్డులో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తప్పు దొరకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సెట్టింగుల ఫైల్లో ఒక్కో గుంట పేరు, దాని లోపల ఆక్సిజన్, దాని లోపల ఎంతకు తగ్గితే ఏరియేటర్లు తిరగాలో ఆ అంకె. అన్ని గుంటలకూ అదే వరస. ఏడో గుంటకు మాత్రం మొన్న ఆక్సిజన్ కొలిచే రెండో సెన్సారు పెట్టారు. దాంతో ఆ అంకె సెన్సారు పేరు కిందికి, ఇంకో మెట్టు లోపలికి పోయింది. స్క్రిప్టు పాత చోటే వెతికింది. దొరకలేదు. దొరక్కపోతే సున్నా అనుకోమని రాసి ఉంది. ఆక్సిజన్ సున్నా కంటే తగ్గేది లేదు, ఏరియేటర్లు తిరిగేదీ లేదు.

ఆ సున్నా ఎందుకు రాసిందో ఆమెకు గుర్తుంది. మొదట్లో ఏ అంకె దొరక్కపోయినా స్క్రిప్టు ఆగిపోయేది, వెంటనే ఫోన్లు వచ్చేవి. విసుగెత్తి రాసింది.

గిరిబాబు గుమ్మంలోకి వచ్చాడు. "మీ సిస్టంలో ఏమన్నా తప్పుందా అమ్మా?"

"లేదండీ. ఎవరో స్విచ్చి మార్చినట్టున్నారు." ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

షెడ్డు బయట నిలబడి పెంచలయ్య ఆమె వైపే చూస్తున్నాడు. ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. ఆమె స్క్రిప్టు సరిచేసి, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది.

ఆఫీసులో, ఇంత త్వరగా చూసొచ్చావే అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఒంటి మీద తేళ్ళు పాకినట్టు అనిపించింది. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి గిరిబాబుకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంతమందిలో తిట్టినా ఆయన్ని," అన్నాడు అతను. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని మళ్ళీ పనికి పిలిచేది?"

"నేను వెళ్తానండీ."

పెంచలయ్య ఊళ్ళో టీ బంకు దగ్గర నలుగురితో కూర్చుని ఉన్నాడు.

"ఒక్క నిమిషం పక్కకు రండి, పెంచలయ్య గారూ."

అతను లేవలేదు. "ఏందో ఇక్కడే చెప్పమ్మా."

ఆమె గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పింది. అతను వింటూనే తలాడించాడు.

"నాకు తెలుసు. ఆ రోజు షెడ్డులో నీ మొహం చూసినా. ఒక్క మాట అంటావేమోనని నిలబడినా."

"తప్పయిపోయింది. క్షమించండి."

"నాకు చెవిలో చెప్తే ఏం లాభం? నేను నిద్రపోయినానని వీళ్ళంతా అనుకుంటున్నారు."

భానుప్రియ బల్లల వైపు తిరిగింది. "ఆయన నిద్రపోలేదు, స్విచ్చీ మార్చలేదు. తప్పు నేను రాసిన దాంట్లో ఉంది. తెలిసి కూడా అబద్ధం చెప్పాను," అంది అందరికీ వినపడేలా.

"అయితే ఆ రోజే ఎందుకు చెప్పలా?" అడిగాడు ఒక పెద్దాయన.

"పేరు పోతుందని," అంది.

పెంచలయ్య టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. "గుంటల కాడికి మళ్ళీ రానని గిరిబాబుకు చెప్పు," అని, ఆమె మొహం చూడకుండా రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.