గడప మీది రాయి

మ్యూజియంలో రాళ్ళ గది చూసుకునే పెద్దాయనకు ఆ రోజు ఓపిక గోరంత కూడా మిగల్లేదు. తెల్లవారితే కొత్త ప్రదర్శన మొదలు. సంతకాలు లేని వస్తువులన్నీ సాయంత్రానికల్లా గోదాముకు పోవాలని డైరెక్టరమ్మ ఆజ్ఞ. గోదాముకు పోయినది మళ్ళీ వెలుగు చూసిన దాఖలా లేదు. పెద్దాయన రాయికి ఒక్క సంతకమే తక్కువ. దాని చీటీ మీద “ప్రాణులు కట్టినది” అని రాసి ఉంది. ప్రాణుల ఊసెత్తితే జీవజాతుల గది అధికారి ఒప్పుకోవాలి. ఆ అధికారి స్వయానా ఆయన బావమరిది.

దొంతర పెట్టిన దుప్పట్లలా పొరలు తేలిన ఆ బూడిదరంగు రాయిని చంకన పెట్టుకుని ఎదుటి గదికి వెళ్ళాడు.

“మళ్ళీ తెచ్చావా బావా? ఆ ఒక్క మాటా కొట్టేసి నీ గదిలో పెట్టుకోరాదూ?”

“కొట్టేస్తే వట్టి రాయైపోతుందిరా. లోతులేని సముద్రంలో జిగట నాచులాంటి సూక్ష్మజీవులు ఒండ్రును పట్టి పట్టి పొర మీద పొర వేశాయి. అవి వదిలిన ప్రాణవాయువుకే నీళ్ళలోని ఇనుము తుప్పుపట్టి అడుగున రాయై కూర్చుంది. ఆ తర్వాత మిగిలిన గాలినే నువ్విప్పుడు పీల్చి నాతో పేచీ పెడుతున్నావు.”

“ఎముక లేదు, రెక్క లేదు. చూసేవాళ్ళకు ఏం చూపించను? నీ ముఖమా?”

పెద్దాయన పళ్ళు నూరుకున్నాడు. గోడకు చెప్పినా ఈపాటికి తల ఊపేది. వెనుదిరిగేసరికి చేతులు లాగేశాయి. గుమ్మంలోనే రాయిని దించి, గడప మీదే చతికిలబడ్డాడు. ఏళ్ళ తరబడి దాటుతున్న ఆ సున్నపురాతి గడపను అప్పుడే దగ్గరగా చూశాడు. లేవకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

మూసే వేళకు బావమరిది తలుపు లాగాడు. అది రాయికి తగిలి ఆగింది.

“ఇంకా ఇక్కడే ఉన్నావా? తలుపు పడటం లేదు.”

“పడదు. ముందు ఈ గడప పీకించు. ఇదీ వట్టి రాయే కదా.”

బావమరిది విసుక్కుంటూ వంగాడు. పాదాలు అరగదీసిన నున్నటి రాతిలో ఆల్చిప్పల అంచులు గోటి గీతల్లా ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉన్నాయి. వేలితో తడిమాడు. ఇదీ ప్రాణులు కట్టిన రాయే.

“అక్కతో చెప్తాను, నన్ను చంపుకు తింటున్నావని,” అని గొణిగి, చీటీ లాక్కుని సంతకం గీకాడు. “ఏ గదిలో పెడతావు?”

“ఇక్కడే.”

“మరి తలుపు?”

“తెరిచే ఉంచు. ఆ చీటీ సరిగ్గా అంటించు, వంకరగా ఉంది.”