మావయ్య చేతికున్న వాచీ

చొక్కా చేతులు మడిచి, బాప్తిస్మాలివ్వడానికి మా మావయ్య యెహోషువ పాస్టరు గారు వడ్డాది ఏట్లోకి దిగారు. ఎండకి ఆయన మణికట్టు మెరిసింది. ఒడ్డున తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డ నేను అప్పుడు చూశాను. అది ఆస్టిన్ గారి వాచీ.

మా ఆయన జాబేజ్‌కి చోడవరంలో వాచీల కొట్టు. విశాఖలో పాత వాచీలు సేకరించే ఆస్టిన్ గారు, సముద్రంలోకి దిగే డైవర్ల కోసం యాభై ఏళ్ల కిందట చేసిన ఆ స్విస్ వాచీని పరీక్షించమని నమ్మి ఇచ్చారు. "నేనొచ్చేదాకా వెనక మూత మాత్రం తియ్యకు," అన్నారు. అది చేతి కదలికతో నడిచే వాచీ. టైము ఎంత తేడా వస్తుందో చూడాలంటే ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

"నాన్నకిస్తాను. వాక్యం చెప్పినప్పుడు ఆ చేతులు ఆగవు," అని నవ్వాడు జాబేజ్.

నీళ్ల కోసం చేసినదే, కానీ లోపలి రబ్బరు రింగులు ఈపాటికి గట్టిపడిపోయి ఉంటాయని కూడా అన్నాడు. ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత పాతబడి మీగడ రంగుకి తిరిగింది, దాని విలువంతా ఆ పూతలోనే. తడి తగిలితే నల్లబడుతుంది. కొత్త పూత వేస్తే ఇక కొనేవాడుండడు.

బాప్తిస్మానికి ముందుగా దిగిన పరదేశిని ముంచి లేపారు మావయ్య. వాచీ మునిగింది. ఒడ్డున అందరూ పాడుతుంటే మధ్యలో అరవలేను. తరవాత ప్రవల్లిక దిగబోతుంటే తువ్వాళ్లు పడేసి, చీరతోనే నీళ్లలోకి వెళ్లిపోయాను.

"ఏటే జెరూషా, నువ్వు మళ్లీ తీసుకుంతావేటి బాప్తిస్మం?" అని ఒడ్డునుంచి అచ్చియ్యమ్మ కేకేసింది. అందరూ నవ్వారు.

"మావయ్యా, ఆ వాచీ ఇచ్చేయండి."

"సముద్రంలో మునిగీవోళ్ల వాచీ కదమ్మా ఇది! ఈ ఏటి నీళ్లకే భయపడిపోద్దేటి?"

"లోపల రబ్బరు పాడైపోయింది మావయ్యా."

ఆయన మొహం మారిపోయింది. తడి వేళ్లకి పట్టీ ఊడలేదు. నేనే విప్పాను. పాడేవాళ్లు అదే చరణం మళ్లీ ఎత్తుకున్నారు.

గట్టెక్కి వాచీని కాసేపు ఎండకి పట్టుకున్నాను. లోపల తడి చేరిందో లేదో తెలియడానికి, జాబేజ్ చేసినట్టే అద్దం మీద చల్లటి నీటిబొట్టు వేసి, తుడిచి చూశాను. పైన తడి పోయింది. లోపల కందిగింజంత మసక మాత్రం పోలేదు.

పాడేవాళ్ల మధ్య డోలక్ వాయిస్తున్న జాబేజ్ నా మొహం చూసి లేచి వచ్చేశాడు. బండి మీద వెనక కూర్చున్నాను.

"వాచీని గట్టిగా పట్టుకోకు, వేడికి ఆవిరెక్కువైపోద్ది."

"వదులుగా పట్టుకుంటే జారిపోతుందండీ!"

కొట్టులో మూత మీద పనిముట్టు ఆనించి ఆగిపోయాడు. ఆస్టిన్ గారికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మసక ఆరో అంకె దాకా పాకింది.

"ఏటి సెయ్యమంతావు?"

"తీసేయండి. మాట పడితే పడదాం. ముందు వాచీ దక్కాలి."

మూత తిరిగింది. రబ్బరు మాడిన పాకంలా ముక్కలై వచ్చింది. కీ తిప్పే పుల్ల పక్కన ఒక చుక్క నిలిచి ఉంది. ఊపిరి బిగబట్టి, కాగితం మొనతో దాన్ని తీశాడు. ముళ్లదాకా వెళ్లలేదు.

అప్పుడు మోగింది ఫోను.

"ఆస్టిన్ గారూ, మీ వాచీ తడిసిందండీ. మూత తీసేసేను. తప్పు నాదే."

అవతలనుంచి "ముళ్లు?" అని మాత్రం వినిపించింది.

"బాగున్నాయండీ."

గుమ్మంలో చప్పుడైతే తిరిగి చూశాను. మావయ్య! బాప్తిస్మాలు ముగించి నేరుగా వచ్చేసినట్టున్నారు, బట్టలింకా తడిగానే ఉన్నాయి.

"ఒరే, ఆ ఫోనిలా ఇయ్యి," అంటూ చెయ్యి చాచారు. "తప్పెవుడిదో నాను సెప్తాను."