ఏడో పేజీలో నుయ్యి

అది కాలవ కట్టేసిన వైశాఖం. ఏటా మరమ్మతుల రోజుల్లో ఊరవతల పేటవాళ్ళు కాలవ అడుగున మిగిలిన మడుగులోనే కడవలు ముంచుకునేవారు. రైతుల వీధిలో నూతులున్నాయి గాని, వాటి చేద పేటవాళ్ళు ముట్టుకోకూడదు. ఇది ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ ఏడు వాంతిభేది వచ్చింది. తాలూకాలో టీకాలు వేసే రాజరత్నం కాపురం ఆ పేటలోనే. ఇంటింటికీ తిరిగి, ఏ నీళ్ళు తాగారో అడిగి రాసుకున్నాడు. మడుగు నీళ్ళు తాగిన ఇరవై ఇళ్ళలో పదకొండుమంది పోయారు. నూతినీళ్ళు తాగిన వీధిలో ఒక్కరికీ జబ్బు లేదు. మడుగు జోలికి పోవద్దంటే దాహానికి వేరే దారేదీ? పేటలో ఒక నుయ్యి తవ్విస్తే చాలు. ఆ లంకనేలలో నాలుగు రోజుల పని, కాని సర్కారు స్థలంలో తాసీల్దారు హుకుం లేనిదే పార వెయ్యకూడదు.

తాసీల్దారుకు అర్జీ రాయడానికి కూర్చున్నాడు. రాజమండ్రి మిషను బడిలో వ్యాసానికి బహుమతి అందుకున్న చెయ్యి, ఊరుకుంటుందా? దొరతనంవారి దయ రెండు పేజీలు, తాసీల్దారుగారి వంశప్రతిష్ఠ ఒకటి, రోగాల పుట్టుపూర్వోత్తరాలు మూడు.

"నీళ్ళ మాట ఎక్కడండీ?" అని అడిగింది భార్య సంపూర్ణమ్మ.

"ఏడో పేజీలో వస్తుంది. పెద్దవాళ్ళకు రాసేటప్పుడు ఒక పద్ధతుంటుంది."

పది రోజులు జవాబు లేదు. సంపూర్ణమ్మ మంచాన పడినవాళ్ళకు గంజి పోస్తూ, వాళ్ళ గుడ్డలు ఉతుకుతూ తిరిగింది. పదకొండో నాటి పొద్దున తనే పడింది, పొద్దుగూకేలోగా పోయింది. వేలమందికి టీకాలు వేసిన చేతులు ఆమె చెయ్యి పట్టుకు కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాయి.

మూడో నాడు రాజరత్నం కచేరీకి వెళ్ళాడు. తాసీల్దారు పల్లంరాజుగారు చెడ్డవారు కారు. అర్జీ ఆయన బల్లమీదే ఉంది.

"ఏం తెలుగయ్యా నీది! మూడు పేజీలు చదివాను. తక్కినవి తీరిగ్గా చదువుదామని దాచుకున్నాను. ఇంతకీ ఏం కావాలి నీకు?"

రాజరత్నం ఏడో పేజీ తీసి ముందు పెట్టాడు. ఆయన ఒకసారి చదివి, మళ్ళీ చదివారు.

"ఇది మొదట్లో ఉంటే ఆ రోజే హుకుం ఇచ్చేవాణ్ణి కదయ్యా."

"చిత్తం. ఇప్పటికి పద్దెనిమిదిమంది అయ్యారండి. అందులో మా ఇంటిది కూడా ఉందండి."

నాలుగు రోజుల్లో నుయ్యి తయారైంది. చదువరులారా, తీరిక కోసం ఆగిన అధికారిని నేను వెనకేసుకురాను. అయినా రాజరత్నం ఆయన్ని ఎన్నడూ నిందించలేదు. కొత్తగా చేరిన టీకాల ఉద్యోగులకు మాత్రం బతికినన్నాళ్ళూ ఒకే మాట చెప్పేవాడు.

"నిజం తెలుసుకోవడంతో మన పని తీరదు నాయనా. ఎంతమంది పోయారో, ఎందుకు పోయారో, ఏం చేస్తే ఆగుతుందో మొదటి పేజీలోనే రాయండి. చదివే దొరలు ఆగగలరు, చావు ఆగదు."