నేను రాయని నత్తల వ్యాసం

నా వ్యాసాలన్నిటిలోకీ పేరు తెచ్చుకున్నది నేను రాయనిది. ఈ మాట చెబితే మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ఉద్యోగం ఇప్పుడు దాని చేతిలోనే ఉంది మరి.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే. నా పరిశోధన మురుగు కాలువల్లో బతికే నత్తల మీద. పిల్లలు చాటుగా నన్ను నత్తమ్మ అంటారు. నా ఉద్యోగం నడక చూసి పెట్టారేమోనని మొదట్లో ఉడుక్కునేదాన్ని, ఇప్పుడు అలవాటైపోయింది. ఇన్నాళ్లకు మా విభాగంలో ఒక పర్మనెంటు పోస్టు పడింది. దానికి పోటీ ఇద్దరం: నేనూ, మా గదిలో నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే లెక్చరరూ. వయసులో నాకంటే చిన్న. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. పోటీ వచ్చాక కూడా ఆ పిలుపులు మారలేదు.

ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా, మా ఇద్దరి వ్యాసాలనూ ఎవరెవరు ఉదహరించారో కాలేజీ వాళ్లు కంప్యూటరులో వెతికించి మాకు పంపారు. నా పేరు కింద అన్నిటికన్నా పైన ఒక వ్యాసం ఉంది. మురుగు కాలువ నత్తలు సబ్బు నీళ్లను ఎలా తట్టుకుంటాయనేది దాని విషయం. దేశదేశాల వాళ్లు ఉదహరించారు. నేను నిజంగా రాసిన నాలుగు వ్యాసాలూ దాని కింద బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. చూడగానే ముందు సంతోషమే వేసింది. ఆ తర్వాత, ఇది నేనెప్పుడు రాశానని వెతికాను. అందులో చెప్పిన పత్రిక ఉంది, ఆ సంచికా ఉంది, తీరా చూస్తే ఆ పేజీల్లో చేపల మేత గురించి ఎవరో రాసుకున్నారు.

అసలు అయోమయం ఇది కాదు. అందులో ఉందని అందరూ చెబుతున్న సంగతి నాదే. ఎండాకాలం నీళ్లు ఎండితే నత్త గుల్ల మూతి మూసుకుంటుందని అందరికీ తెలుసు. కాలువ నిండా నీళ్లున్నా, సబ్బు ఎక్కువైతే అలాగే మూసుకుంటుందని నాకు ఎప్పటినుంచో అనుమానం. పరీక్షించి చూడలేదు, ఎక్కడా రాయలేదు. రాయలేదనే అనుకున్నాను. పాత ఫైళ్లన్నీ తిరగేశాక ఆ నమ్మకమూ పోయింది. రాసి మర్చిపోయానా? నాకు మతి గానీ పోతోందా?

చివరికి అందరూ వాడే ఏఐనే అడిగాను. వ్యాసం నాదేనంది, చాలా లోతుగా రాశానని మెచ్చుకుంది, సారాంశం కూడా వప్పజెప్పింది. నేను రాయలేదే అంటే, క్షమించమంది, అలాంటి వ్యాసమే లేదంది. మరి ఇంతమంది ఉదహరించారే అంటే, అవునవును, ఉందంది. దానితో వాదించడం కన్నా మా అత్తగారితో వాదించడం నయం. ఆవిడ కనీసం ఒక మాట మీద నిలబడుతుంది.

అందరికన్నా ముందు ఉదహరించింది ఎవరా అని వెతుక్కుంటూ పోతే, ఎదురు బల్ల దగ్గర తేలాను. తమ్ముడు రెండేళ్ల కిందట తొట్టెల్లో నత్తల్ని పెట్టి, సబ్బు నీళ్లు పోసి ప్రయోగం చేశాడు. నా అనుమానం నిజమేనని తేలింది. వ్యాసం అచ్చయినప్పుడు నాకు చూపించాడు కూడా. ఫోటోలు చూసి మెచ్చుకున్నానే గానీ, చివర సన్న అక్షరాల్లో ఉండే ఆధారాల పట్టీ ఎవరు చదువుతారు?

అడిగితే దాచలేదు. ఒకసారి టీ తాగుతూ ఆ సంగతి నేనే చెప్పానట. రాసేటప్పుడు అక్క ఆలోచన అని చెప్పకపోతే తప్పనిపించి, అక్క దీన్ని ఎక్కడ రాసిందో చెప్పమని ఏఐని అడిగాడట. అది ఠక్కున పేరూ, సంవత్సరమూ, పేజీలూ ఇచ్చిందట. అతని వ్యాసం నుంచి ఇంకొకరు, వాళ్ల నుంచి మరొకరు ఎత్తుకున్నారు. తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు.

"ఎదురుగానే ఉన్నాను కదయ్యా. నన్నే అడగొచ్చుగా?" అన్నాను.

"అప్పుడు మీరు పేపర్లు దిద్దుతున్నారక్కా. కదిలిస్తే కసురుకుంటారని..."

అదీ నిజమే. పేపర్లు దిద్దేటప్పుడు నా దగ్గరికి ఈగ కూడా రాదు. ఇతన్ని తిట్టాలో, నాకు పేరు రావాలని చూసినందుకు మెచ్చుకోవాలో తెలియక, పేపర్ల కట్ట విప్పుకుని దిద్దడం మొదలుపెట్టాను.

మా ఆయనది కళ్లజోళ్ల దుకాణం. అన్నీ స్పష్టంగా కనిపిస్తాయని ఆయన నమ్మకం. ఆ వ్యాసం నాదని నేను చెప్పుకోలేదు, లోకమే చెబుతోంది, పైగా అందులో సంగతి నిజమని తేలింది, ఆలోచనా నాదే, మరి అబద్ధం ఎక్కడుందని నిలదీశాడు. నోరు మూసుకుని ఉద్యోగం తెచ్చుకోమన్నాడు. విన్నంతసేపూ సబబుగానే అనిపించింది. పక్క గదిలోకి వెళ్లేసరికి అందులో ఒక్క ముక్కా నిలబడలేదు.

ఇంటర్వ్యూలో పొడుగాటి బల్లకు అటువైపు ఒక పెద్ద ప్రొఫెసరు, ఆయన పక్కన నా ఈడు ఆవిడ ఒకరు. పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

"దరఖాస్తులో మీ సబ్బు నీళ్ల వ్యాసం రాయలేదేమిటమ్మా? నేను చదివాను. చాలా బాగుంది."

అవునండీ, మర్చిపోయానండీ అంటే చాలు, పోస్టు నాదే. కానీ ఆ పైన అందులోంచి ఏదైనా అడిగితే ఏం చెప్పను? ధైర్యంతో కాదు, ఆ భయంతోనే అనేశాను.

"అది నేను రాయలేదండీ."

"మరెవరు రాశారు?"

"ఎవరూ రాయలేదండీ."

జరిగిందంతా చెప్పాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చదివానన్న మాట మళ్లీ ఎత్తలేదు. పక్కనున్న ఆవిడ మాత్రం నెమ్మదిగా అడిగింది.

"అయితే ఇది మొదట చెప్పింది మీ తోటి లెక్చరరేనన్నమాట."

"ఆలోచన నాదేనండీ. టీ తాగుతూ చెప్పాను."

"ఎక్కడైనా రాశారా?"

"లేదండీ."

ఆవిడ తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుంది. నిజం చెప్పి దొంగలా కూర్చోవడం అదే మొదటిసారి.

బయట వరండాలో తమ్ముడు తన వంతు కోసం కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపల అంతా చెప్పేశానన్నాను. అతని ముఖంలో కోపం లేదు, బెంగ ఉంది. పొరపాటు జరిగిందని, తన వ్యాసం వేసిన పత్రికకు తనే రాశాడట. ఆధారాల పట్టీలోంచి లేని వ్యాసాన్ని తీసేస్తారట గానీ, దాని చోట అక్క నోటితో చెప్పిందని చేర్చడం ఇప్పుడు కుదరదన్నారట.

"అది తీసేస్తే, చూసి ఎత్తుకున్నవాళ్లూ తీసేస్తారు, ఈ ఆలోచన పక్కన మీ పేరు ఇంకెక్కడా ఉండదక్కా. తీసేయమని చెప్పనా, ఉంచమననా?"

"తీసెయ్," అన్నాను.

మెట్ల దాకా నడిచాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. ఆ ఆలోచన నాదేనని లోకంలో ఇంకెక్కడా లేదు. గబగబా వెనక్కి వచ్చాను, ఆగు అని చెప్పడానికి. అప్పటికే అతన్ని లోపలికి పిలిచేశారు, తీసెయ్ అన్న మాటతోనే వెళ్లిపోయాడు.